ఎరుపు వైపే అరిగిన పెన్సిలు

లోకనాథం గారికి ఈ లోకంలో ఏ కాగితమూ పూర్తిగా నచ్చలేదు. అర్జీ అయినా, పెళ్ళి శుభలేఖ అయినా, కిరాణా కొట్టు చీటీ అయినా ఆయన చేతిలో పడిందంటే కొర్రీ పడాల్సిందే. కొర్రీ అంటే తెలియనివాళ్ళు పెట్టి పుట్టినవాళ్ళు. వాళ్ళకి ప్రభుత్వాఫీసుతో పని పడలేదన్నమాట. మీ కాగితంలో ఫలానా లోపం ఉంది, సరిచేసి మళ్ళీ తీసుకురండి అని ఫైలు అంచున రాసే ముక్కని కొర్రీ అంటారు. రాసేవాడికి అది అర నిమిషం పని. తీసుకున్నవాడికి నెల.

అనకాపల్లి మునిసిపల్ ఆఫీసులో ఆయన సూపరింటెండెంటు. ఇంజనీరింగు వాళ్ళ కాలవలు, శానిటేషన్ వాళ్ళ చెత్తబళ్ళు, వాటర్ వర్క్స్ వాళ్ళ పైపులు, కరెంటు సెక్షన్ వాళ్ళ వీధి దీపాలు, ఎక్కడ ఏ పని మొదలైనా దాని ఫైలు కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాలంటే ముందు లోకనాథం గారి బల్ల దాటాలి. ఆ బల్ల మీద ఒక చివర ఎరుపు, ఒక చివర నీలం ఉండే లావుపాటి పెన్సిలు ఉండేది. ఎరుపు కొర్రీకి, నీలం ఆమోదానికి. ఎరుపు చివరని ఆయన రోజూ పొద్దున్నే బ్లేడుతో చెక్కేవారు. నీలం చివర దుకాణంలో కొన్ననాడు ఎలా ఉందో అలాగే మొండిగా ఉందని ఆఫీసంతా చెప్పుకునేది. ఆమోదించక తప్పని ఫైళ్ళని ఆయన మామూలు పెన్నుతో పొడి సంతకం గీకి, తప్పు చేసినవాడిలా తల తిప్పుకుని అవతలికి తోసేవారు.

కరెంటు సెక్షన్ త్రినాధరావు ఒకసారి, గవరపాలెంలో ఒక వీధి దీపం వెలగడం లేదు, బల్బు మార్చాలి అని ఫైలు పెట్టాడు. 'దీపం వెలగనట్లు ఏ వేళ పరిశీలించితిరి?' అని కొర్రీ. 'పగలు పదకొండు గంటలకు' అని త్రినాధరావు రాశాడు. 'పగలు పదకొండు గంటలకు ఏ దీపమూ వెలగదు. కావున ఫిర్యాదు రుజువు కాలేదు' అని ఫైలు తిరిగి వచ్చేసింది. త్రినాధరావు ఆ కాగితం పట్టుకుని శానిటరీ ఇన్‌స్పెక్టరు బాబూరావు దగ్గర కూలబడ్డాడు.

"బావా, ఈ మనిషి సూర్యుడి మీద కూడా కొర్రీ ఏసెత్తాడు."

"నీది బల్బే కదేటి. నా కుక్కల సంగతి సూడు," అన్నాడు బాబూరావు.

బాబూరావు ఇరవై మూడు వీధి కుక్కలకి టీకాలు వేయించానని ఫైలు పెట్టి ఉన్నాడు. 'ఇవి ఇరవై మూడు వేర్వేరు కుక్కలా, లేక ఒకే కుక్క పలుమార్లా అన్నది నిర్ధారించలేదు' అని దాని మీద ఎర్రగా ఉంది. బాబూరావు మళ్ళీ ఊరంతా తిరిగి, పట్టుకున్న ప్రతి కుక్కకీ నుదుటి మీద ఇంత పసుపు రాసి లెక్క తేల్చాడు. అది నూకాలమ్మ జాతర నెల. పసుపు బొట్టు కుక్కలు అమ్మవారివేమోనని ముసలమ్మలు వాటికి పెరుగన్నం పెట్టడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి అవి లావెక్కి, మునిసిపాలిటీ బండి ఎదురొచ్చినా పక్కకి తప్పుకోవడం మానేశాయి.

లోకనాథం గారి ఇంట్లోనూ ఇదే వరస. భార్య సత్యవేణి గారు బజారుకి చీటీ రాసిస్తే, 'వంకాయలు అని మాత్రమే రాసిరి. పొడుగువా, గుండ్రనివా స్పష్టపరచలేదు' అని దాన్ని బల్ల మీదే వదిలేసి ఆయన ఆఫీసుకి వచ్చేశారు. మధ్యాహ్నం కారియరు విప్పితే పై గిన్నెలో అన్నం, కింది గిన్నెలో మడత పెట్టిన ఆ చీటీ ఉన్నాయి. ఆయన నిదానంగా మజ్జిగ తెప్పించి అన్నంలో పోసుకుని తిని, చీటీ మీద 'కూర జతపరచలేదు' అని రాసి వెనక్కి పంపారు.

ఇలాంటివి చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ మునిసిపల్ ఆఫీసుకి నవ్వుకుంటూ వచ్చేవాళ్ళెవరూ ఉండరు. కుళాయి రానివాడు వస్తాడు, ఇంట్లోకి కాలవ నీళ్ళు వచ్చినవాడు వస్తాడు, మనిషి పోయిన సర్టిఫికెట్టు కోసం మనిషి వస్తాడు. అలాంటి మొహాల మీదకి ఆ ఎర్ర గీత వచ్చి పడుతుంటే చూడ్డానికి దిగులుగా ఉండేది. వాళ్ళ తిట్లు ఆయన చెవిన పడకపోలేదు. ఆ ఆఫీసులో ఏ గోడ వెనక మాటైనా ఆయనకి వినపడేది. పదిహేడో ఏట అక్కడే చేరారు. వీధి దీపాల పని చేసే తండ్రి పోతే, పదో తరగతి కాగితం పట్టుకుని వచ్చిన ఆయనకి కుండల్లో నీళ్ళు నింపే పని ఇచ్చారు. పద్దెనిమిదేళ్ళు ఆ కుండలు నింపాకే గుమాస్తా కుర్చీ దొరికింది.

ఆ తిట్టినవాళ్ళందరిలోకీ గట్టిగా తిట్టింది జాయ్స్.

జాయ్స్ తండ్రి యేసుపాదం వాటర్ వర్క్స్‌లో ఫిట్టరు. ఏ వీధి కింద ఏ పైపు ఎటు తిరిగిందో ఆఫీసు మ్యాపులో ఉండేది కాదు, యేసుపాదం బుర్రలో ఉండేది. రెండు వేల మూడు డిసెంబరులో పచ్చకామెర్లు వచ్చి, మూడు వారాల్లో ఆ మ్యాపుతో సహా వెళ్ళిపోయాడు. సమాధుల దొడ్లో ముసురు పట్టి ఉండగా పాతిపెట్టారు. అందరూ మట్టి వేశాక లోకనాథం గారు గొడుగుతో ముందుకొచ్చి, చెక్క శిలువ మీదకి వంగి చూశారు.

"తేదీ తప్పు," అన్నారు. "పోయింది పద్నాలుగు. ఇక్కడ పదిహేను రాసేరు."

యేసుపాదం భార్య ఆరోగ్యమేరి ఏడుపు ఆపి చూసింది. "ఏటి బాబూ ఇది? మనిషి పోయిన దుఃఖంలో మేముంటే!"

"రేపు సర్టిఫికెట్టుకీ దీనికీ పొంతన కుదరదమ్మా. దిద్దించండి."

పెయింటర్ని పిలిపించారు. ఆ అంకె ఆరేదాకా లోకనాథం గారే శిలువ మీద గొడుగు పట్టుకుని నిలబడ్డారు. మిగిలిన జనం వానలో తడిశారు. ఈ మనిషికి గుండె ఉండాల్సిన చోట రబ్బరు స్టాంపు ఉందని పంతొమ్మిదేళ్ళ జాయ్స్ ఆరోజే తేల్చుకుంది.

ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి పని ఇస్తారు. చదువుని బట్టి పని. జాయ్స్ ఇంటర్లో కామర్సు ఒక్కటీ తప్పి, చదువు వదిలేసి ఏడాది దాటింది. పదో తరగతికి వచ్చేది చీపురు పని. దానికి జాయ్స్ ఏమీ అనుకోలేదు. వాళ్ళ నాయనమ్మ ఈ ఊరి వీధులు ముప్ఫై ఏళ్ళు ఊడ్చింది. ఆరోగ్యమేరి బెల్లం మార్కెట్లో గోనె సంచులు కుడుతోంది, వేళ్ళు పుళ్ళు పడి ఆ పనీ సగం రోజులు మానేస్తోంది. పని ఏదైనా కానీ, త్వరగా రావాలి. జాయ్స్‌కి కావలసింది అంతే.

"వారంలో అయిపోద్ది పాపా. మీ నాన్న ఫైలుని ఎవులు ఆపుతారు?" అన్నాడు అటెండరు కన్నబాబు, అర్జీ అందుకుంటూ.

పదో రోజున కొర్రీ వచ్చింది. 'ఫొటోలో అభ్యర్థిని ఎడమ చెవి కనబడుట లేదు.'

"ఊడ్చేది సేత్తోనా, సెవితోనా?" అని కన్నబాబే ఆశ్చర్యపోయాడు. జాయ్స్ జడ వెనక్కి లాగి కట్టుకుని మళ్ళీ ఫొటో దిగింది. అప్పుడు తండ్రి పేరు ముందు ఇంటిపేరు ఒక కాగితంలో ఉంది, ఒక కాగితంలో లేదు అని వచ్చింది. దానికి మండలాఫీసు చుట్టూ నెలన్నర తిరిగింది.

ఇంట్లో గంజి పలచబడింది. ఆరోగ్యమేరికి చేతనైంది ఒక్కటే. ప్రతి ఆదివారం గుడిలో, ఎవరికోసం ప్రార్థించాలో రాసి వేసే చీటీల్లో 'లోకనాథం గారి కొరకు' అని వేసేది. ఆయన మనసు మార్చమని ఆమె ఉద్దేశం. నాలుగు వారాలు వరసగా చదివాక ఫాదర్ గారు ఆమెని ఆపి అడిగారు.

"ఎవరమ్మా ఈ లోకనాథం? చాలా రోజులుగా మంచం మీద ఉన్నట్టున్నారు. ఏం జబ్బు?"

"కొర్రీలు, ఫాదర్."

ఫాదర్ గారు అదేదో పేగులకి సంబంధించిన జబ్బు అనుకుని, గట్టిగా ప్రార్థిద్దామని ధైర్యం చెప్పారు.

మార్చిలో మూడో కొర్రీ. 'అభ్యర్థిని ఇంటరు తప్పినట్లు వ్రాసుకొన్నది. తప్పినట్లు రుజువు జతపరచలేదు.' తప్పానని రుజువు చూపించాల్సి రావడం జాయ్స్‌కి చచ్చేంత సిగ్గనిపించింది. అయినా పెట్టె అడుగున దాచిన మార్కుల మెమో తీసి ఇచ్చింది. ఏప్రిల్ నెలాఖరున అది కూడా తిరిగొచ్చింది. 'ఒకమారు తప్పినట్లు మాత్రమే రుజువైనది. ఈ తప్పుట తాత్కాలికమా, శాశ్వతమా తెలియపరచవలెను.'

జాయ్స్ ఆ కాగితం పట్టుకుని సరాసరి ఆయన బల్ల ముందుకి వెళ్ళింది. త్రినాధరావు, బాబూరావు, కుళాయి కనెక్షన్ల కోసం వచ్చినవాళ్ళు, అందరూ ఉన్నారు.

"సార్, వీధి ఊడవడానికి కామర్సు ఎందుకండీ?"

"రూలు."

"ఏ రూలండీ?"

"అది తెలుసుకోవాలంటే వేరే అర్జీ పెట్టాల."

"మా అమ్మ మూడు రోజుల్నించి పనికి వెళ్ళలేదండీ. ఇంట్లో ఏటుందో మీకు తెలుసా? నేను తప్పేననే కదా మీకు కావాలి? రాసుకోండి, తప్పేను! కానీ శాశ్వతమని ఎవరన్నారు? తాత్కాలికమే! కావాలంటే రుజువు సేత్తాను!" కోపంలో ఆమె నోట ఇంట్లో మాట్లాడే యాస వచ్చేసింది.

లోకనాథం గారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు.

"నోటి మాట చెల్లదమ్మా. సప్లిమెంటరీ ఫీజు కట్టి, హాల్ టికెట్టు జెరాక్సు జత చెయ్యి. ఆఖరు తేదీ సోమవారం."

ఆ ఆఖరు తేదీ ఆయనకెలా తెలుసని అడగాలని ఆ కోపంలో జాయ్స్‌కి తోచలేదు. తల్లి చెవి దిద్దులు అమ్మి ఫీజు కట్టింది. పరీక్ష పాసవ్వాలని కాదు, ఆ హాల్ టికెట్టు ఆయన మొహాన కొట్టాలని.

మే నెల ఎండలో ఆయన నివాస ధ్రువీకరణ అంటూ వాళ్ళింటికి వచ్చారు. మంచినీళ్ళిస్తే తాగలేదు. స్టూలు మీద కూర్చుని ఇల్లంతా చూసి, కిటికీలో ఉన్న పుస్తకం దగ్గర ఆగారు.

"కామర్సు పుస్తకం ఒకటి. అట్ట చిరిగినది. ఇది వాడుకలో ఉందా?"

"ఉందండీ."

"ఆధారం?"

జాయ్స్ పళ్ళు కొరికి, వాణిజ్య బ్యాంకుల విధులు మొదటినుంచి చివరిదాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"వాడుకలో ఉన్నట్టు రుజువైంది. నాలుగోది మాత్రం వదిలేసేవు," అని లేచి గొడుగు తీసుకున్నారు.

ఆయన వీధి మలుపు తిరిగాక జాయ్స్ తిట్టిన తిట్లకి ఆరోగ్యమేరి శిలువ గీసుకుంది. ఆ తరవాత ఇద్దరూ పుస్తకం తీసి నాలుగో విధి ఏమిటో చూశారు.

ఆ కోపంతోనే జాయ్స్ పరీక్ష రాసింది. ఫలితాలకి ముందురోజు ఆఖరి కొర్రీ వచ్చింది. అర్జీ మీద టీ మరక ఉందట, శుభ్రమైన నకలు ఇవ్వాలట. మర్నాడు జాయ్స్ నలభై ఒక్క మార్కులతో పాసైంది. ఇంటరు మెమో జతపరిచిన ఫైలు మూడు రోజుల్లో అన్ని బల్లలూ దాటేసింది. జూలైలో జాయ్స్ జూనియర్ అసిస్టెంటుగా చేరింది. చీపురు కాదు, కుర్చీ. ఆ కుర్చీ లోకనాథం గారికి సరిగ్గా ఎదురుగా వేశారు.

"ఆయన మీద కోపంతో పాసయ్యేను," అని ఆమె అందరికీ చెప్పుకునేది. నిజంగా అలాగే నమ్మింది. ఏడు నెలల గంజి ఎదుటి బల్ల మీద కూర్చుని రోజూ కనపడుతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. మూడేళ్ళపాటు ఆమె ఆయనతో పని మాటలే మాట్లాడింది. ఆయనా మారలేదు. జ్వరమని సెలవు చీటీ పెడితే 'ఎంత?' అని రాసేవారు.

రెండు వేల ఏడు, జూన్ ముప్ఫయ్యో తేదీన లోకనాథం గారు రిటైరయ్యారు. ఆరోజు ఎడతెగని వాన. హాలు కప్పు కారుతూ ఉంటే బకెట్లు పెట్టి, వాటి మధ్యన కుర్చీలు వేశారు. దండలు రెండే వచ్చాయి. బాబూరావు అభినందన పత్రం చదివాడు.

"నలభై ఏళ్ళపాటు నిష్కళంకంగా సేవలందించిన..."

"నలభై ఏళ్ళ ఎనిమిది నెలలు," అన్నారు లోకనాథం గారు, మెడలో దండతోనే. "నిష్కళంకంగా అన్నదానికి ఆధారం జతపరచలేదు."

జనం నవ్వారు. ఆయన తన రిటైర్మెంటు ఫైలుకి కూడా తానే రెండు కొర్రీలు వేసుకున్నారని త్రినాధరావు చెబితే ఇంకా నవ్వారు. టీ తాగి, అరగంటలో ఎవరి బల్లల దగ్గరకి వాళ్ళు వెళ్ళిపోయారు. నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి వెళ్ళిపోతుంటే ఒక్కరి కళ్ళూ చెమ్మగిల్లలేదు. బకెట్లలో నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప హాల్లో ఏమీ మిగల్లేదు. గెలిచినట్టు ఉండాల్సిన జాయ్స్‌కి ఎందుకో మనసంతా వెలితిగా అయిపోయింది.

ఆయన వదిలి వెళ్ళిన సామాను సరిచూసి సంతకం పెట్టే పని ఆమెదే. బల్ల ఒకటి, కుర్చీ ఒకటి, చేయి విరిగినది, బీరువా ఒకటి అని జాబితా ఆయనే తీరుగా రాసి పెట్టారు. ఆఖరున ఇలా ఉంది: 'పెన్సిలు ఒకటి. ఎరుపు వైపు అరిగినది. నీలం వైపు ఒక్కసారి వాడినది.'

జాయ్స్ పెన్సిలు తీసి చూసింది. ఆఫీసంతా చెప్పుకునేది అబద్ధం. నీలం చివర చెక్కి ఉంది. మొన కొంచెం, ఒక్క మాట రాసినంత అరిగింది. ఏ ఫైలుకి వాడారో మరి.

బీరువా పై అర మీదకి కప్పు కారుతోంది. తడుస్తున్న పాత ఫైళ్ళు ఒక్కొక్కటే దించుతుంటే మధ్యలో తన పేరు కనిపించింది. అర్జీదారుకి ఇచ్చే కాగితాలు వేరు, ఆఫీసువాళ్ళలో వాళ్ళు రాసుకునే నోటు పేజీలు వేరు. ఆ పేజీలు అర్జీదారుకి చూపించరు. జాయ్స్ మొట్టమొదటిసారి తన ఫైల్లో ఆ పేజీలు తిప్పింది.

మొదట్లోనే పేపరులోంచి కత్తిరించిన ఇంటరు సప్లిమెంటరీ టైంటేబులు గుండుసూదితో గుచ్చి ఉంది. కామర్సు పరీక్ష తేదీ కింద ఎర్ర గీత. దాని పక్కన ఆయన చేతిరాత:

'అభ్యర్థినికి ఇంటరులో ఒక్క పేపరు మాత్రమే మిగిలి ఉన్నది. ఇప్పటి చదువుతో ఫైలు పంపినచో చివరి తరగతి ఉద్యోగము వచ్చును. అందులోనుండి పైకి వచ్చుటకు ఎన్నేండ్లు పట్టునో నాకు తెలియును. పాసైన పిదప పంపినచో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగము వచ్చును. కావున సప్లిమెంటరీ ఫలితములు వచ్చువరకు కొర్రీలు వేయుచు ఫైలు నా వద్దనే ఆపుచున్నాను. బాధ్యత నాది.'

కింద ఎర్ర పెన్సిలుతో ఆయనదే రాత: 'ఇట్లు ఆపుటకు ఏ నిబంధన అనుమతించుచున్నదో జతపరచలేదు.'

దాని కింద మామూలు సిరాతో, అదీ ఆయనదే: 'నిబంధన లేదు.'

పక్కన అప్పటి కమిషనర్ గారి పొడి సంతకం. ఆఖరి పేజీలో ఇంటరు మెమో నకలు, దాని మీద నలభై ఒకటి అన్న అంకె చుట్టూ నీలం సున్నా, పక్కన నీలంతో ఒకే మాట: 'సరి.'

జాయ్స్ ఫైలు గుండెలకి హత్తుకుని వానలోకి పరిగెత్తింది. ఆయన ఉండేది పక్కనున్న కశింకోటలో. షేర్ ఆటోల దగ్గర గొడుగు వేసుకుని, దండ సంచిలో పెట్టుకుని, ఆటో నిండడం కోసం చూస్తూ నిలబడి ఉన్నారు. ఆమెని చూడగానే ఆయన మొహం మారిపోయింది.

"ఆఫీసు ఫైలు బయటికి తెచ్చేవు! ఎవరి పర్మిషన్‌తోటి?" అని గబగబా గొడుగు తీసి ఫైలు మీద పట్టారు. ఇద్దరూ తడుస్తున్నారు, ఫైలు మాత్రం పొడిగా ఉంది.

"ఎందుకు సెప్పలేదండీ నాతోటి?"

"ఏటి సెప్పాల? ఇంట్లో గింజల్లేని పిల్లతో, ఆగమ్మా, సదువుకో అని సెప్పడానికి నాకు నోరెలా వస్తాది? నీకు మాత్రం వినడానికి మనసెలా వస్తాది? మర్నాడే సీపురు పట్టుకునేదానివి. కొర్రీ అయితే ఎవరైనా ఏటి సేత్తారు? తిట్టుకుంటారు, ఆగుతారు."

"మా నాయనమ్మ ఊడ్చింది. నాకు సిగ్గు లేదండీ."

"సిగ్గు సంగతి కాదమ్మా. పద్దెనిమిదేళ్ళ సంగతి."

మెచ్చుకోవాలో దెబ్బలాడాలో జాయ్స్‌కి తెలియలేదు. రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "ఆ ఏడు నెలలూ మా అమ్మ గంజి తాగిందండీ. దిద్దులు అమ్మింది. అది తెలుసాండీ మీకు?"

లోకనాథం గారు గొడుగుని ఇంకాస్త ఫైలు మీదకి వంచారు.

"తెలుసు. ఆ కొర్రీకి మాత్రం నా దగ్గర సమాధానం లేదమ్మా," అన్నారు.

ఆటో నిండింది. ఆయన ఎక్కుతూ గొడుగు ఆమె చేతిలో పెట్టారు. "ఫైలు తడవకూడదు. గొడుగు సోమవారం కన్నబాబుతో పంపించు. రసీదు తీసుకో," అని లోపల ఇరుక్కుని కూర్చున్నారు. ఆటో వెళ్ళిపోయాక ఆమె ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకి తలుపులమ్మ అనే పిల్ల వచ్చింది. తండ్రి వీధి దీపాల హెల్పరు, పోయిన నెలలో పోయాడు. ఇంటర్లో ఇంగ్లీషు ఒక్కటీ తప్పింది. చీపురు పనైనా పరవాలేదు మేడమ్, తొందరగా ఇప్పించండి అని కాగితాలు బల్ల మీద పెట్టింది.

"వారంలో అయిపోద్ది పాపా," అన్నాడు కన్నబాబు, అలవాటు ప్రకారం.

జాయ్స్ కాగితాలు తిప్పింది. కొత్త సూపరింటెండెంటు ఇంకా రాలేదు. ఫైలు మొదలుపెట్టవలసింది తనే. పెన్సిలు తీసుకుంది. ఎరుపు చివరని బ్లేడుతో చెక్కింది. ఫొటో వెలుతురులో పెట్టి చూసింది.

"ఎడమ చెవి కనపడటం లేదు."

తలుపులమ్మ చూసిన చూపు జాయ్స్‌కి బాగా తెలిసిన చూపే. జాయ్స్ కాగితం వెనక్కి ఇచ్చేసింది. సాయంత్రం ఇంటికెళ్ళి, ఒక బియ్యం బస్తా, ఒక ఇంగ్లీషు గైడు తల్లికి అప్పజెప్పి, గుడి తరఫున ఇస్తున్నామని చెప్పి తలుపులమ్మ ఇంట్లో ఇచ్చి రమ్మంది. బియ్యం నెలనెలా పంపాలని కూడా చెప్పింది. లోకనాథం గారి పద్ధతిలో ఆ ఒక్క జాగాలో ఆమెకి కొర్రీ ఉంది.

శుక్రవారానికి కన్నబాబు కబురు మోసుకొచ్చాడు. "పాపా, ఆ తలుపులమ్మ తల్లి నీ మనసు మారాలని నూకాలమ్మకి కోడిని మొక్కుకుందట."

"ఏ రంగు కోడో స్పష్టంగా చెప్పిందా?" అంది జాయ్స్, తల ఎత్తకుండా.

ఆదివారం గుడిలో ఆరోగ్యమేరి చీటీ వేసింది. ఆమె ఆ చీటీ ఈ మూడేళ్ళూ మానలేదు. ఇన్నాళ్ళూ అలవాటుకొద్దీ వేసింది, ఈ వారం మాత్రం, కూతురు ఫైలు సంగతి చెప్పాక, మనసారా. ప్రార్థన అయ్యాక ఫాదర్ గారు ఆమెని ఆపారు.

"లోకనాథం గారికి ఇంకా తగ్గలేదా అమ్మా? ఈసారి చీటీలో మీ అమ్మాయి పేరు కూడా ఉందేమిటి?"

"దానికీ అంటుకుంది, ఫాదర్."

"అయ్యయ్యో! ఇద్దరికీ త్వరగా తగ్గాలని ప్రార్థిద్దాం."

"వద్దు ఫాదర్," అంది ఆరోగ్యమేరి కంగారుగా, ఆయన చేతులు పట్టుకుని. "తగ్గకూడదని సెయ్యండి."